వీరుడి పేరూ, ఇంట్లో పిలిచే పేరూ

ఐదేళ్ల క్రితం తొమ్మిదో తరగతి పిల్లలకు ‘వీరజవాను’ అనే అంశమిచ్చి వ్యాసం రాయమన్నాను. ఆ తరగతిలో ఒక అమ్మాయి తండ్రి సైన్యంలో ఉద్యోగం చేస్తూ చనిపోయాడు. తక్కినవాళ్లకంటే ఆ అమ్మాయే బాగా రాస్తుందనుకున్నాను. తీరా చూస్తే వ్యాసంలో ‘దేశం’ అన్న మాట ఒక్కచోటే వుంది. మిగతాదంతా ఇంటి సంగతి. నాన్న సెలవు ఎప్పుడూ మిరపకోతలకే పెట్టుకొనేవాడట. రాత్రిళ్లు కల్లంలో కాయలకు కాపలా పడుకొనేవాడట. తెల్లరంగుతో పేరూ నంబరూ రాసిన ఆయన నల్ల ట్రంకుపెట్టెలో ఇప్పుడు నాయనమ్మ పాతబట్టలు దాస్తున్నదట. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకొనేటప్పుడు ఆయన ఫోటో ముందు కొత్త లుంగీ పెడతారట. ‘ఇంటికొస్తే వాడు కట్టేది అదేగా’ అంటుందట నాయనమ్మ.

ఆ లుంగీ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి ‘అప్రస్తుతం’ అని రాశాను. పదికి నాలుగు మార్కులు వేశాను.

తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి. సామాజిక వాస్తవికత గురించి సభల్లో మాట్లాడేవాణ్ణి. అటువంటి నాకు ఆ వ్యాసంలోని ఒకే ఒక్క గొప్ప వాక్యం అప్రస్తుతంగా ఎందుకు కనిపించింది? ఇది నా ఒక్కడి పొరపాటే అయితే ఇక్కడ రాయవలసిన పని లేదు. చనిపోయిన సైనికుణ్ణి ఎలా తలుచుకోవాలో మన సాహిత్యం మనకు నేర్పిన అలవాటు ఒకటి వుంది. ఆ అలవాటే నా చేత ఆ గీత గీయించింది.

మాది దాచేపల్లి. మా వూరి మీదుగా పారే నాగులేటికి ఎగువన కారంపూడి వుంది. 12వ శతాబ్దిలో పల్నాటి యుద్ధం జరిగిన చోటు అది. ఏటా కార్తీక అమావాస్యకు అక్కడ వీరారాధన మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు జరుగుతుంది. వీరవంశాల వాళ్లు తమ ఊళ్లనుంచి కొణతాలు, అంటే ఆనాటి వీరుల ఆయుధాలుగా కొలుచుకొనేవి, మోసుకొని వస్తారు. వీరవిద్యావంతులు కథాగానం చేస్తారు. చచ్చిపోయినవాణ్ణి ఎనిమిది వందల ఏళ్లుగా మరవని జనం వీళ్లు. ఇంత పట్టుదలగల స్మృతి మన దేశంలో ఎన్నిచోట్ల వుంది?

అయితే ఆ స్మృతికి దొరికింది ఆయుధమే. మాంచాలను తీసుకోండి. ఆమె బాలచంద్రుణ్ణి యుద్ధానికి సాగనంపిన ఇల్లాలిగానే మన నోళ్లలో మిగిలింది. అతడు పోయిన తర్వాత ఆ ఇంట్లో తెల్లవారిందా, ఎవరు పొయ్యి రాజేశారు, తల్లి ఐతాంబ ఏ వస్తువు చూసి ఏడ్చింది అన్న ప్రశ్నలు మనం అడగం. శ్రీనాథుడి పేర వున్న పల్నాటి వీరచరిత్ర ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేయించిన నాటినుంచి దాని కర్తృత్వం గురించీ, చారిత్రకత గురించీ పండితులు ఎంతో చర్చించారు. ఆ చర్చ అవసరమే. కాని సాగనంపిన స్త్రీ తర్వాతి బతుకు ఆ చర్చలో ఒక అంశం కాలేదు. ‘వీరపత్ని’ అనే బిరుదు ఇవ్వటంతో ఆమె నోరు మూతపడింది.

అభ్యుదయ సాహిత్యం ఈ లోటు తీర్చిందా? ఇక్కడ ఆత్మవిమర్శ తప్పదు. మనం యుద్ధాన్ని ఖండించాం, అది సరైనదే. యుద్ధం వల్ల లాభపడేదెవరో చెప్పాం, అదీ సరైనదే. కాని సైన్యంలో చేరేవాడు ఎవరి బిడ్డ? పత్తికీ మిరపకూ పెట్టిన పెట్టుబడి చేతికి రాక, నెలజీతం కోసం కొడుకును పంపిన ఇళ్లు మా చుట్టుపక్కల వున్నాయి. ఆ ఇంటి గడప మనం తొక్కలేదు. పాలకులు అతణ్ణి విగ్రహం చేస్తే, మనం అతణ్ణి వాదంలో ఉదాహరణ చేశాం. ఇద్దరి చేతుల్లోనూ మనిషి జారిపోయాడు.

తిలక్ ‘సైనికుడి ఉత్తరం’ దీనికి గౌరవనీయమైన మినహాయింపు. ఆయన 1966లో పోయాక 1968లో వెలువడిన ‘అమృతం కురిసిన రాత్రి’లో అది వుంది. సైనికుణ్ణి మనిషిగా మాట్లాడించిన కవిత అది. అయినా అది వెళ్లినవాడి గొంతు. ఉత్తరాలు ఆగిపోయిన ఇంటి గొంతు మనకు ఇంకా రావలసే వుంది.

ఆ గొంతు ఎలా వుంటుందో తెలుసుకోవటానికి కథల పుస్తకాలు వదిలి ఒక నిజమైన ఉత్తరం దగ్గరికి వెళ్లాను. మేజర్ పద్మపాణి ఆచార్యది హైదరాబాదులో స్థిరపడ్డ సైనిక కుటుంబం. తండ్రి వైమానిక దళంలో పనిచేసి వింగ్ కమాండరుగా రిటైరయ్యారు. పద్మపాణి 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో ద్రాస్ ప్రాంతంలో మరణించాడు. మరణానంతరం మహావీరచక్ర ఇచ్చారు. అంతకు తొమ్మిది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, యుద్ధంలో పాల్గొనటం తనకు దక్కిన గౌరవమని రాశాడు. ఈ మాట మనలో కొందరికి నచ్చకపోవచ్చు. నచ్చదని దాన్ని కొట్టివేసే హక్కు విమర్శకుడికి లేదు. అదే ఉత్తరంలో మరో కోరిక వుంది. గర్భవతిగా వున్న తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని తండ్రిని అడిగాడు. మృత్యువు పక్కనే కూర్చున్నవాడు ఇంట్లో సాయంత్రం పూట ఏం జరగాలో ఆలోచించాడు. ఉత్తరానికి ప్రాణం అక్కడ వుందని నా అభిప్రాయం.

తండ్రి పోయిన కొన్ని నెలలకు పుట్టిన ఆ కూతురు పెద్దదై ఆయన మీద ఒక పుస్తకం తెచ్చింది. దాని పేరులో ‘ద్రాస్ వీరుడు’ అన్న మాటా వుంది, ఆయన్ను ఇంట్లో పిలిచే ‘బబ్లూ’ అన్న ముద్దుపేరూ వుంది. ఎన్నడూ చూడని తండ్రిని ఆమె ముద్దుపేరుతో తలుచుకొంది. ప్రభుత్వం ఇచ్చిన పేరును కాదనలేదు. దాని పక్కన ఇంటివాళ్ల పేరును నిలబెట్టింది. సైనిక కుటుంబపు స్మృతిని గురించి నేను చెప్పదలచుకొన్న సిద్ధాంతమంతా ఆ రెండు పేర్ల మధ్య వుంది.

ఇంటి సంగతులు రాస్తే యుద్ధ కారణాలు మరుగున పడతాయనీ, సానుభూతి మిగిలి రాజకీయం పోతుందనీ కొందరు మిత్రులు అనవచ్చు. నేను ఒప్పుకోను. గల్వాన్ లోయలో 2020 జూన్ 15న మరణించిన కల్నల్ సంతోష్‌బాబుకు మరుసటేడు సూర్యాపేటలో విగ్రహం పెట్టారు. విగ్రహం వుండవలసిందే. కాని విగ్రహం ముందు ఎవరైనా దండం పెట్టి వెళ్లిపోవచ్చు. కొత్త లుంగీ ముందు అలా వెళ్లిపోలేం. అది కట్టుకొనే మనిషి ఏడీ అని అడుగుతుంది. ఆ ప్రశ్నకంటే పెద్ద రాజకీయ ప్రశ్న నాకు తెలియదు.

కనుక యువ రచయితలకు నా మనవి ఒకటే. మీ వూళ్లో సైనికుడు పోయిన ఇంటికి వెళ్లండి. పతకం చూపించమని అడగవద్దు. ఇంట్లో ఏమని పిలిచేవారో అడగండి. సెలవుకొస్తే ఏం తినేవాడో, ఏ పని అందుకొనేవాడో అడగండి. చెప్పినంత వినండి, చెప్పకపోతే ఊరుకోండి.

ఆ అమ్మాయి బడి దాటి వెళ్లిపోయింది. వ్యాసం నా దగ్గరే వుంది. మార్కులు దిద్దటానికి ఇప్పుడు వీల్లేదు. తొమ్మిదో తరగతికి వ్యాసాంశం మాత్రం మార్చాను. ‘మా ఇంట్లో లేని మనిషి’ అని ఇస్తున్నాను.