దిగివచ్చే దేవతలు, తిరిగిపోయే దేవతలు: సురభి నాటక సమాజాల మనుగడపై ఒక పరిశీలన

సురభి నాటక సమాజాలను గురించి వెలువడిన వ్యాసాలలో అధికభాగం రెండు ధోరణులలో సాగుతాయి. ఒకటి చరిత్ర కథనం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో నాంది పలకడం, తోలుబొమ్మలాటనుంచి రంగస్థలానికి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా నాటకాన్నే వృత్తిగా స్వీకరించడం ఇందులోని విషయాలు. రెండవది విలాపం. పదుల సంఖ్యలో ఉన్న సమాజాలు వేళ్లమీద లెక్కించదగినన్ని మిగలడం, సినిమా ప్రేక్షకులను లాక్కుపోవడం, ప్రభుత్వం ఆదుకోవాలన్న విజ్ఞప్తి ఇందులో వినిపిస్తాయి. (ప్రేక్షకులకంటే ముందు సినిమా తీసుకుపోయింది నటులనే. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించినది సురభి కమలాబాయి.) ఈ రెండు ధోరణుల నడుమ విమర్శ అడగవలసిన ప్రశ్న మరుగున పడింది: ఆదుకోవడమంటే దేనిని ఆదుకోవడం?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి సురభివారే ఆడిన ఒక నాటకం ఉపకరిస్తుంది. 1996లో బి.వి. కారంత్ సురభి కళాకారులతో ప్రారంభించిన కృషి ఫలితంగా ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ వారి నాటకాల వరుసలో చేరాయి. వీటిలో మూడవదానికి మూలం బెర్టోల్ట్ బ్రెహ్ట్ రచించిన, సెజువాన్ నగరపు మంచి మనిషి కథ. ఆర్థిక సంక్షోభంలో ఉన్న సమాజానికి పునరుజ్జీవం కల్పించే ప్రయత్నంలో ఈ నాటకం భాగం కావడం గమనించదగినది. ఎందుకంటే సహాయం ఎలా విఫలమవుతుందన్నదే దీని ఇతివృత్తం.

బ్రెహ్ట్ మూలంలో మంచి మనిషిని వెదుకుతూ ముగ్గురు దేవతలు భూమికి దిగివస్తారు. వారికి ఆశ్రయమిచ్చిన షెన్ తే అనే వేశ్యకు వెయ్యికి పైచిలుకు వెండి నాణేలు ఇచ్చి వెళ్తారు. ఆ సొమ్ముతో ఆమె పొగాకు దుకాణం కొంటుంది. కొన్న వెంటనే దిక్కులేని కుటుంబం వచ్చి చేరుతుంది, అల్మరాలు చేసిన వడ్రంగి తన బాకీ అడుగుతాడు, ఇంటి యజమానురాలు అద్దె ముందుగానే కట్టమంటుంది. దుకాణం నిలవాలంటే ఆమె కర్కశుడైన మరో వ్యక్తిగా, షుయీ తా అనే మగవేషంలో, అవతరించక తప్పదు. మూలధనం వచ్చింది, రోజువారీ వ్యయానికి దారి రాలేదు. దేవతలు తమ బాధ్యత తీరిందనుకున్నారు. చివరికి ఆమె సహాయంకోసం ఆక్రోశిస్తూ ఉండగా వారు గులాబీరంగు మేఘంపై నవ్వుతూ పైకి వెళ్లిపోతారు.

సురభి రంగస్థలానికి మేఘం కొత్త కాదు. ‘మాయాబజార్’ వంటి వారి పౌరాణికాలలో నారదుడు మేఘంమీద దిగడం, అస్త్రాలు గాలిలో ఢీకొనడం ప్రేక్షకులు ఎదురుచూసే ఘట్టాలు. అక్కడ పైనుంచి దిగినవాడు చిక్కుముడి విప్పుతాడు లేదా కథను ముందుకు నడుపుతాడు. బ్రెహ్ట్ మేఘం ముడి విప్పకుండానే పైకి పోతుంది. పౌరాణిక నాటక యంత్రాంగం పుట్టించే విశ్వాసాన్నే ప్రశ్నించే రచన, ఆ యంత్రాంగంలో ఆరితేరిన సమాజం చేతికి వచ్చింది. కారంత్ ఎంపికలోని సాహసాన్ని ‘జానపద, ఆధునిక రీతుల సమ్మేళనం’ అన్న మాటతో సరిపెట్టడం అతనికీ సురభికీ కూడా అన్యాయమే.

ఇక సురభికి అందిన సహాయం సంగతి. హైదరాబాదు శివారున శేరిలింగంపల్లిలో నివాసం ఏర్పడడం, ఆహ్వాన ప్రదర్శనలు, పురస్కారాలు, శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి సారథి రేకందార్ నాగేశ్వరరావుకు పద్మశ్రీ, ఇవేవీ చిన్నవి కావు. సంచార జీవనంలో తరాలు గడిపినవారికి సొంత ఇల్లు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. కాని సురభి ఆర్థిక వ్యవస్థకు ఆధారం ఒక నాటకం కాదు, నాటకాల వరుస. ఒక ఊరిలో పందిరి వేసి నెలల తరబడి ఆడాలంటే ప్రతి రాత్రికి వేరు నాటకం ఉండాలి. ‘లవకుశ’, ‘బాలనాగమ్మ’, ‘పాతాళభైరవి’, ‘శ్రీకృష్ణలీలలు’ మార్చి మార్చి ఆడితేనే నిన్న వచ్చిన ప్రేక్షకుడు రేపు కూడా టికెట్టు కొంటాడు. ఒక్క రాత్రికి పిలిచే సంస్థ సహజంగానే మాయలు ఎక్కువగా ఉన్న ‘మాయాబజార్’నే కోరుతుంది. ఆహ్వానం పెరిగినకొద్దీ వరుస కుదించుకుపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. ఆడని నాటకంలోని పాత్ర తరువాతి తరానికి అందదు. సురభిలో పాత్ర పుస్తకంనుంచి కంటే ఎక్కువగా పక్క తెర చాటున నిలబడి చూసిన పిల్లల జ్ఞాపకంనుంచి వస్తుంది.

కేంద్ర సాంస్కృతిక శాఖ నాటక బృందాలకిచ్చే సహాయ పథకం గురువు, శిష్యులు అన్న లెక్కతో నడుస్తుంది. శాస్త్రీయ సంగీతానికి, నృత్యానికి ఈ లెక్క సరిపోవచ్చు. సురభిలో ఉదయం తెర కుట్టిన స్త్రీ సాయంత్రం సుభద్ర కావచ్చు. వేషం మానిన వృద్ధుడు తాడు లాగవచ్చు. చంటిబిడ్డ బాలకృష్ణుడు కావచ్చు. స్థానం నరసింహారావు వంటి మహానటులు స్త్రీపాత్రలు ధరిస్తున్న కాలంలోనే సురభిలో స్త్రీలే స్త్రీపాత్రలు ధరించగలగడానికి కారణం కుటుంబమంతా వేదికపై ఉండడమే. అందుచేత ఇక్కడ కళకు కొలమానం కుటుంబమే తప్ప వ్యక్తి కాదు. షెన్ తే దుకాణంలో వడ్రంగి బయటివాడు కనుక బాకీ అడిగాడు. సురభిలో వడ్రంగి ఇంటివాడు. అతని శ్రమకు ఎవరూ విడిగా వెల కట్టలేదు.

అయితే కుటుంబ వ్యవస్థను యథాతథంగా నిలపాలని కోరడం మరొక రకపు కాఠిన్యం. చదువుకుని ఇతర వృత్తులలోకి వెళ్లే సురభి యువతను ‘వారసత్వం విడిచారు’ అని నిందించే రచనలు వారిని మ్యూజియం వస్తువులుగా భావిస్తున్నాయి. వేతనం లేని శ్రమమీద నిలిచిన కళ అదే రీతిలో కొనసాగాలనడం షెన్ తేను ఎప్పటికీ మంచిదానిగానే ఉండమన్న దేవతల మాటకు భిన్నం కాదు. కారంత్ ప్రయోగానికీ ఈ పరిమితి ఉంది. కొత్త నాటకాలకు బయటినుంచి వచ్చిన దర్శకుని శిక్షణ, సుదీర్ఘ అభ్యాసకాలం కావాలి. ఆ కాలంలో టికెట్టు రాబడి ఎక్కడనుంచి వస్తుందన్నది కళాత్మక విజయంతో తీరే సమస్య కాదు.

సహాయాన్ని ప్రదర్శనకు ఇంత, శిష్యునికి ఇంత అని లెక్కించేచోట మరికొన్ని వివరాలు కూడా అడగవచ్చు: ఆ ఏడాది ఆడిన వేర్వేరు నాటకాలెన్ని, ఒక్కొక్క ఊరిలో పందిరి ఎన్ని రాత్రులు నిలిచింది, కొత్తగా పాత్ర నేర్చినవారెవరు, తెరలు కుట్టి తాళ్లు లాగినవారికి ఎంత ముట్టింది.