సహస్రకుండ్‌కు అరువు ఆకాశం

దసరా సెలవులకు వచ్చిన మా అక్క కూతురు ఈ వారం ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. సహస్రకుండ్ అట. పెన్‌గంగ మీది ఆ జలపాతం గురించి ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. అయినా ఈ ఫొటోలో దాన్ని నేను పోల్చుకోలేకపోయాను. వెనకాల గులాబీ రంగు సంధ్య, బంగారు అంచుల మబ్బులు, చిలకపచ్చ టేకుచెట్లు. చుట్టూ ఒక్క మనిషి లేడు. "ఎట్లుంది మామా?" అంది. ఒక్కసారి వేలు పెడితే ఆకాశం మారిపోయిందట, మరోసారి పెడితే రాళ్ళ మీద కూర్చున్న జనమంతా మాయమయ్యారట.

"నాకు నచ్చలే బిడ్డా" అన్నాను. దాని మొహం చిన్నబోయింది కానీ, అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అక్కావాళ్ళు అక్కడికి వెళ్ళింది మబ్బు పట్టిన మధ్యాహ్నం. సంధ్యవేళకు అందరూ ఇల్లు చేరి మా వరండాలో చాయ్ తాగుతున్నారు. పైగా నా పాత గొడవ ఉండనే ఉంది: ఫొటోలో నీటిమట్టం వాలకూడదు. ఇందులో నది మొత్తం ఎడమ పక్కకు ఒరిగి ఉంది. ఆకాశాన్నే మార్చేసిన ఫోన్ ఆ ఒరుగును సరిచేయలేదు.

ఆ కోపంలోనే, తీసిన ఫొటోను ఇక ముట్టుకోవద్దు, ఎలా వచ్చిందో అలాగే ఉంచండి అని రాద్దామని కూర్చున్నాను. కలం పట్టేసరికి ఆదిలాబాద్‌లోని ఒక పాత ఫొటో స్టూడియో గుర్తొచ్చింది.

మా కిన్వట్ తాలూకా ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోదే. 1956లో రాష్ట్రాలను తిరగ్గీసినప్పుడు నాందేడ్‌కు మారింది. కాగితాల మీద మారింది కానీ మా రాకపోకలు మారలేదు. పెళ్ళి బట్టలకూ ఆదిలాబాదే, రీలు కడిగించడానికీ ఆదిలాబాదే. మీటర్ గేజ్ రైలు ఎక్కి వెళ్ళేవాళ్ళం. ఆ స్టూడియో పెద్దమనిషి నన్ను ఒకసారి డార్క్‌రూమ్‌లోకి రానిచ్చాడు. ఎర్రబల్బు వెలుగు, ముక్కుకెక్కే హైపో వాసన. ఎన్‌లార్జర్ కింద తెల్లకాగితం పెట్టి లైటు వేశాడు. నేను ఊహించని పని తర్వాత మొదలైంది. సన్నని తీగ చివర గుండ్రటి అట్టముక్క గుచ్చి ఉంది. దాన్ని కాంతికి అడ్డంగా, కొండ నీడ పడేచోట ఆడించాడు. ఆడిస్తూనే ఉండాలట, ఒకచోట ఆపితే అట్ట అంచు కాగితం మీద గీతలా పడుతుందట. అక్కడ కాంతి తక్కువ పడింది కాబట్టి నీడ తేలికై లోపలి చెట్లు కనిపిస్తాయి. తర్వాత రెండు అరచేతులూ దగ్గరకు చేర్చి, వేళ్ళ సందున కొద్దిగా వెలుతురు వదిలి, ఆకాశం ఉన్నచోట మాత్రం మరికాసేపు పడనిచ్చాడు. కడిగాక అక్కడ కాగితం నల్లబడి మబ్బులు పుట్టుకొచ్చాయి. నచ్చకపోతే కాగితం పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. దాన్ని ఆయన మార్చడం అనలేదు, 'టచింగ్' అనీ అనలేదు. అది మొహాల మీద పెన్సిల్‌తో చేసే పని. దీన్ని ప్రింటు వేయడం అనే అన్నాడు. ఆ చేతిపని లేకుండా బయటికొచ్చిన కాగితం ఆయన దృష్టిలో ఇంకా ఫొటో కాలేదు.

పేరుమోసిన ఫొటోగ్రాఫర్లు చేసిందీ ఇదే. అన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరి దగ్గర చంద్రోదయం తీశాడు. ఆ ఒక్క నెగటివ్ నుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూ పోయాడు. తొలి ప్రింట్లలో ఆకాశం నిండా మబ్బు చారలు, తర్వాతి వాటిలో దాదాపు కటిక నలుపు.

అంతకన్నా ఇబ్బంది పెట్టే సంగతి ఇంకొకటుంది. 1850లలో ఫ్రాన్స్‌కు చెందిన గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని తీసేవాడు. అప్పటి గాజుపలకలు నీలికాంతికి తొందరగా స్పందించేవి. నీటికి సరిపడా కాంతి ఇస్తే ఆకాశం మాడిపోయేది. అందుకని కొన్ని ఫొటోలకు సముద్రం ఒక పలక మీద, ఆకాశం ఇంకో పలక మీద తీసి, రెంటినీ ఒకే కాగితం మీద కలిపాడు. ఒకే ఆకాశాన్ని ఒకటికి మించిన సముద్రాలకు వాడాడు కూడా. అంటే ఆకాశాన్ని అతికించడం మా పిల్ల కనిపెట్టిన పాపం కాదు, ఫొటోగ్రఫీ పుట్టిన కొన్నేళ్ళకే వచ్చిన విద్య.

అందుకే రాద్దామనుకున్నది రాయడం లేదు. సెలవుల్లో తీసిన ఫొటోను తప్పకుండా ముట్టుకోండి. ఇప్పుడు చేస్తున్నదానికన్నా ఎక్కువగా, ఇంకా ఓపికగా ముట్టుకోండి. గంటసేపు ఒక్క ఫొటోతో కూర్చోండి. అక్కడ నిలబడి మీ కన్ను చూసినదాన్ని ఫోన్ సగమే పట్టింది, ఆ మిగతా సగం మీకు గుర్తుంది కదా. లె గ్రే లాగా ఆకాశం అతికించాలన్నా, పైన ఆకాశంలోనూ, కింది నీటిలోనూ వెలుతురు ఒకే తీరుగా ఉండాలి. మా పిల్ల ఫొటోలో పైన సూర్యాస్తమయం, కింద రాళ్ళకు నీడే లేని మబ్బు వెలుతురు. ఎక్కడా పొత్తు కుదరలేదు.

అసలు ఫొటో అదృష్టవశాత్తూ చెరిపేయలేదు. మర్నాడు ఇద్దరం దాన్ని తెరిచి కూర్చున్నాం. ముందు నీటిమట్టం సరిచేశాం. తెల్లటి ఆకాశంలో చూడ్డానికేమీ లేదు, సన్నని పట్టీ మాత్రం ఉంచి మిగతాది కత్తిరించాం. పచ్చదనం తగ్గించాం. వానాకాలం చివర టేకు ఆకు చిలకపచ్చగా ఉండదు, పురుగు తిని ఈనెలు తేలిన ఆకులతో చెట్టు సగం గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ గోధుమరంగు తిరిగొచ్చేసరికి నల్లరాళ్ళు ఎంత నల్లగా ఉన్నాయో తెలిసింది. రాళ్ళ నీడలు కొంచెం పైకి తెచ్చాం.

అప్పుడు కనిపించింది, జలపాతానికి కుడిపక్క బండ మీద ఎర్రచీర కట్టుకున్న ఒకామె, పక్కన చెప్పులు చేత పట్టుకున్న పిల్లాడు. ఫోన్ ముందు తీసేసింది వీళ్ళనే. వాళ్ళు లేనప్పుడు ఆ నీళ్ళు పదడుగుల నుంచి పడుతున్నాయో, యాభై అడుగుల నుంచి పడుతున్నాయో చెప్పే ఆధారమే లేదు. ఇప్పుడు ఆ పిల్లాడి పక్కన జలపాతం లేచి నిలబడింది. "గిప్పుడు పెద్దగ కొడుతుంది మామా" అంది పిల్ల. ప్రకృతి ఫొటోలో మనుషులు అడ్డం అనుకోవద్దని ఈ కాలమ్‌లో రాస్తూనే ఉన్నాను, మళ్ళీ రాస్తాను.

ఒక్కటి మాత్రం మా చేత కాలేదు. పడే నీరు నడిమధ్యలో తెల్లగా మాడిపోయింది, ధారలు విడిగా కనిపించవు. అలా మాడినచోట ఫోన్ ఏమీ నమోదు చేయలేదు కాబట్టి తర్వాత తెచ్చేందుకూ ఏమీ ఉండదు. రేపు వాళ్ళు నేరడిగొండ దగ్గరి కుంటాలకు వెళ్తున్నారు. అక్కడ తెల్లటి నీటి మీదే వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగి, ధారలు విడివిడిగా కనిపించేదాకా వెలుతురు తగ్గించి తియ్యమన్నాను. రాళ్ళు చీకటిగా వస్తాయి, రానీ. వాటిని ఇంటికొచ్చాక చూసుకుందాం.