స్కేలు పెట్టి గీసిన డ్యాము, తట్ట మోసిన నాయినమ్మ

నాగార్జునసాగర్ డ్యాముకు 26 గేట్లు. నా బొమ్మలో 26 ఉన్నాయి, తమ్ముడి బొమ్మలో ఏడు. ఒకే రోజు, ఒకే బస్సులో హాలియా నుంచి పోయి ఇద్దరం చూసొచ్చిన డ్యామే అది. 1980ల మొదట్లో, గేట్లు ఎత్తిన ఓ వానాకాలం. నేను ఏడో తరగతి, వాడు ఒకటి. నాది డ్రాయింగ్ బుక్కులో మందపాటి తెల్ల కాగితం మీద పెన్సిలుతో, స్కేలుతో గీసింది. వాడిది రైసుమిల్లు తూకం చిట్టీ వెనక, నాయిన జేబులోంచి లాక్కున్న నీలం పెన్నుతో గీకింది. ఇన్నేళ్లకు రెండూ ఒకే ట్రంకు పెట్టెలో దొరికాయి. పక్కపక్కన పెట్టి చూస్తే, విమర్శకులు రెండు కావ్యాలను ఎదురెదురుగా పెట్టుకుని ఎందుకు చదువుతారో తెలిసింది. ఒక్కదాన్నే చూస్తే ముచ్చటపడి ఊరుకుంటాం. పక్కన రెండోది ఉంటేనే మొదటిదానిలో ఏం లేదో కనబడుతుంది.

నా డ్యాములో మనుషులు లేరు. గేట్లన్నీ ఒకే కొలత, ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉన్నాయి. నీళ్లు కూడా స్కేలు పెట్టినట్టే నిలువుగా పడుతున్నాయి. ఆ రోజు అక్కడ జాతరలా జనం, నీటి తుంపరలకు అందరి బట్టలూ తడిసిపోయాయి. పల్లీలమ్మే ఆవిడ ఉంది, నాయిన భుజం మీద తమ్ముడున్నాడు. బొమ్మలో ఎవ్వరూ లేరు. సిమెంటు కంపెనీ క్యాలెండరుకు పనికొచ్చే డ్యాము నాది.

తమ్ముడి డ్యాము మీద మాత్రం ఒక మనిషి ఉంది. గేట్లకంటే పెద్దది. నెత్తిన తట్ట. నిజానికి నెత్తే లేదు, మెడ మీద నేరుగా తట్ట పెట్టేశాడు. కింద నీళ్లు సుడులు సుడులుగా పైకి లేస్తున్నాయి. ఒక చేప గేటుకంటే పొడుగ్గా ఉంది. ఏడు గేట్లలో ఒకటి తెరిచే లేదు, దాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాడు. ఆ మనిషెవరో మా ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు. మా నాయినమ్మ.

1955 డిసెంబరు 10న నెహ్రూ ఈ డ్యాముకు పునాది రాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఈ రెండు తేదీలూ స్కూలు పుస్తకంలో ఉండేవి, పరీక్షలకు చదివి ఒప్పజెప్పాం. ఆ మధ్య కాలంలో రాతికట్టను వేలమంది కూలీలు రాయి మీద రాయి పేర్చి లేపారు. యంత్రాలకంటే మనుషుల నెత్తులే ఎక్కువ మోశాయి. నాయినమ్మ ఆ కూలీల్లో ఒకతె. మేం సాగర్ పోతుంటే ఆమె రానంది. “మీరు పోయి సూడుండ్రి. నేను సూడంది ఏమున్నది అండ్ల? ఆ కట్టల నా తట్టలు ఎన్నున్నయో నాకెరుక” అని వాకిట్లో కూర్చుని చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది. తమ్ముడు ఆ మాట పట్టుకుపోయాడు. డ్యాము దగ్గర ఆమె లేదు కదా, వాడు తీసుకొచ్చి నిలబెట్టాడు.

పిల్లవాడు కళ్లతో చూసింది గీయడు, తనకు తెలిసింది గీస్తాడని ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ హెన్రీ లూకే 1927లో ఒక పుస్తకమే రాశాడు. గోడ లోపలున్న మనిషి బయటికి కనబడతాడు, జేబులో ఉన్న బిళ్ల జేబు మీద కనబడుతుంది. పెరిగేకొద్దీ ఈ పద్ధతి పోయి, కంటికి కనిపించినట్టు గీయడం వస్తుంది. లూకే లెక్కన నేను పై మెట్టు మీదున్నాను, తమ్ముడు కింది మెట్టు మీద. అయితే మా ఇంటి చరిత్ర కింది మెట్టు మీదే మిగిలింది. కంటికి కనిపించినదాన్ని గీసిన నాకు నాయినమ్మ కనిపించలేదు మరి.

నా బొమ్మను మరీ తీసిపారేయడమూ అన్యాయమే. దగ్గరగా పట్టుకుని వెలుతురులో వంచి చూస్తే ఒక్కో గేటు కింద సన్నటి పెన్సిలు చుక్క కనబడుతుంది. రబ్బరుతో తుడిచినా గుంట పోలేదు. అవి నాయిన లెక్క పెట్టించిన చుక్కలు. డ్యాము దగ్గర నిలబెట్టి వేలు చూపిస్తూ గేట్లు లెక్క పెట్టమన్నాడు. నేను పద్నాలుగు దగ్గర తడబడితే మళ్లీ మొదటినుంచి పెట్టించాడు. మిల్లులో గుమస్తా కదా, బస్తాలైనా గేట్లైనా లెక్క తప్పితే ఒప్పుకోడు. ఇంటికొచ్చి గీసేటప్పుడు ఆ భయంతోనే చుక్కలు పెట్టుకుని, వాటి మీద గేట్లు నిలబెట్టాను. బొమ్మలో నాయిన లేడు, ఆయన క్రమశిక్షణ ఉంది. చక్కటి బొమ్మలో జ్ఞాపకం ఉండదని కొట్టిపారేయకుండా నన్ను ఆపింది ఆ చుక్కలే.

ఏ జ్ఞాపకమూ లేని బొమ్మ ఒకటుంది. అదే డ్రాయింగ్ బుక్కులో రెండు పేజీల తర్వాత వస్తుంది. సీనరీ. రెండు కొండలు, మధ్యలో పొద్దు, కొండల నడుమ నుంచి వంకరగా దిగే నది, ఒడ్డున పెంకుటిల్లు, పక్కన రెండు కొబ్బరిచెట్లు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి పక్షులు. శ్రీకాకుళంలో చదివినా ఆదిలాబాద్‌లో చదివినా తెలుగు పిల్లలంతా గీసిన బొమ్మే ఇది. హాలియాలో నేను చూసినవి తాటిచెట్లు, తుమ్మలు, వేపలు. ఎండాకాలం ఇసుక తేలి ఉండే హాలియా వాగు, ఎడమ కాలువ కింద పచ్చగా పొలాలు, కాలువ ఎక్కని మిట్టల మీద ఎర్రటి చెలకలు. వీటిలో ఒక్కటీ ఆ బొమ్మలో లేదు. కొబ్బరిచెట్టు ఎవరిదో, ఇల్లు ఎవరిదో. పది మార్కులకు ఎనిమిదిన్నర వచ్చాయి, ఎర్ర సిరాతో. ఎంతసేపు చూసినా ఏ మనిషీ గుర్తుకు రాడు, ఏ వాసనా తగలదు. సార్ బోర్డు మీద వేస్తే మేమంతా దించేశాం. ఆ ఏడు మా క్లాసులో ఎంతమంది ఉన్నారో అన్ని హాలియాలు అట్లాగే తయారయ్యాయి.

దాని పక్కన తమ్ముడి ‘మా ఇల్లు’ పెట్టాను. ఇదీ తూకం చిట్టీ వెనకే. ఇంటికి గోడలున్నాయి గాని అడ్డం లేవు, లోపలున్నదంతా కనబడుతుంది. దర్వాజ కంటే అమ్మ పొడుగు. ఆమె ఇంట్లోకి ఎట్లా పోతుందో వాడికి పట్టలేదు. పొయ్యి ముందర కూర్చున్నా, నిలబడ్డా అదే ఎత్తు. నాయినకు ఒకటే చెవి, అది చేటంత ఉంది, దాని మీద పెన్ను. మిల్లు నుంచి వచ్చాక కూడా ఆయన చెవి మీద పెన్ను తీసేవాడు కాదు. అర్రలో మూలకు గోలెం, దాంట్లో చెంబు. నేను రెండు జడలతో ఉన్నాను, చేతిలో స్కేలు. ఆ స్కేలు గీతలు గీయడానికి పట్టుకున్నదో, వాడిని కొట్టడానికో బొమ్మ చెప్పదు. రెండో పనికి కూడా వాడినట్టు మా అమ్మ సాక్ష్యం.

ఇంకో విశేషం కాగితం అవతలి వైపు ఉంది. అక్కడ నాయిన రాత. తేదీ, బండి నంబరు, బస్తాలు, క్వింటాళ్లు, కిలోలు. పెన్ను ఒత్తి రాసే అలవాటు ఆయనకు. అంకెలు ఇవతలికి దిగి, తిరగబడి, అమ్మ చీర మీద పూల అచ్చులా పడ్డాయి. వాన పడి కాలువ నిండితేనే మిల్లు ఆడేది, మిల్లు ఆడితేనే మా ఇంట్లో పొయ్యి. ఇంటి బొమ్మ వెనక ఇంటికి అన్నం పెట్టిన లెక్క ఉంది. దాన్ని ఏ చిత్రకారుడూ ఆలోచించి పెట్టలేదు, తెల్ల కాగితం కొనే స్తోమత లేక జరిగింది. డ్రాయింగ్ బుక్కు నాకొక్కదానికే కొన్నారు, ఇద్దరికీ కొనలేరు. నా బొమ్మల వెనక ఏమీ లేదు. ఖాళీ తెలుపు.

పిల్లల చేతిలో అమ్మ అంత పెద్దగా రావడం పెద్దయ్యాక పోతుందంటారు. పోనివ్వని వాళ్లూ ఉన్నారు. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారి ఆడవాళ్లను చూడండి. నిండు బొట్టు, ముదురు రంగు చీర, కాగితం అంచుల దాకా ఒత్తుకుని కూర్చున్న శరీరం. చుట్టూ చెట్టు, గుట్ట, వీధి ఏమీ అక్కర్లేదు. తన బొమ్మల్లోని స్త్రీకి తల్లి మూలమని ఆయన చెప్పుకున్నారు. ఊరికొచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను చిన్నప్పుడు కళ్లప్పగించి చూసిన సంగతీ చెప్పుకున్నారు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని వచ్చిన చెయ్యి అది, గీత మీద అదుపు సంపూర్ణం. కానీ మనిషి కొలత మాత్రం తూకం చిట్టీ మీది కొలతే. ఎవరు ముఖ్యమో వాళ్లే పెద్ద.

బాల్యాన్ని బొమ్మల్లో చూపించిన పుస్తకాల సంగతికొస్తే, తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది ‘బుడుగు’. 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ రాస్తే బాపు బొమ్మలు వేశారు. బాపు బొమ్మ మొదట అచ్చయింది 1945లో న్యాయపతి రాఘవరావు గారి ‘బాల’ పత్రికలో, బాపు ఇంకా పిల్లవాడిగా ఉన్నప్పుడే. బుడుగు నాటికి చెయ్యి తిరిగిపోయింది. అందుకే బుడుగులో మాట పిల్లవాడిది, గీత పెద్దవాడిది. బామ్మ, బాబాయి, అమ్మా నాన్నా, పక్కింటివాళ్లు, ఇల్లు కిటకిటలాడుతూ ఉంటుంది. పక్కన సెయింట్ ఎగ్జుపెరీ ‘లిటిల్ ప్రిన్స్’ పెట్టండి, 1943. అక్కడ రచయితే బొమ్మలు వేశాడు, నేర్వని చెయ్యిలా కనిపించేట్టు వేశాడు. కథ చెప్పేవాడు ఆరేళ్లప్పుడు ఏనుగును మింగిన కొండచిలువను గీస్తే పెద్దవాళ్లకు అది టోపీలా కనబడింది. ఆ బొమ్మను దాచుకుని, పెద్దయ్యాక కాస్త తెలివిగలవాళ్లుగా తోచినవాళ్లకు చూపించి పరీక్ష పెడుతుంటాడు. గీత చూస్తే ఇది తమ్ముడికి దగ్గర. కానీ ఆ రాకుమారుడికి తల్లి లేదు, తండ్రి లేడు, ఉన్నది ఒక గులాబీ. అందమైన పుస్తకమే, ఎన్నిసార్లయినా చదువుతాను. చిన్ననాటి బొమ్మ అంటే పెద్దవాళ్లకు పెట్టే పొడుపుకథ అన్న దాని వాదన మాత్రం నాకు నచ్చదు. మా చిట్టీల్లో పొడుపుకథలు లేవు. తట్ట తట్టే, చెవి చెవే. గీత బాపుది కాకపోయినా, ఇల్లు నిండుగా ఉండడంలో తమ్ముడు బుడుగు పక్కనే కూర్చుంటాడు.

స్విట్జర్లాండ్‌లో పుట్టిన పాల్ క్లే అనే చిత్రకారుడి ఉదంతం ఇక్కడ చెప్పుకోవాలి. 1902లో, ఇరవైమూడేళ్లు ఇంకా నిండకముందు, కన్నవాళ్ల ఇంట్లో అతనికి తన చిన్నప్పటి బొమ్మలు దొరికాయి. అప్పటిదాకా తాను వేసినవాటిలో ముఖ్యమైనవి అవేనని కాబోయే భార్యకు ఉత్తరం రాశాడు. 1911లో తన బొమ్మలన్నిటికీ పట్టీ రాయడం మొదలుపెట్టి, ఆ చిన్ననాటి బొమ్మల్లో కొన్నిటిని కూడా అందులో చేర్చుకున్నాడు. ఎంత ధీమా! అయితే క్లే బొమ్మలు భద్రంగా దొరికాయి, ఇంట్లో వాటికి విలువ ఉంది కాబట్టి. తమ్ముడివి దొరకడానికి కారణం విలువ కాదు. తూకం చిట్టీలు లెక్క తేలేదాకా పారేయొద్దని నాయిన దారంతో కట్టి పెట్టెలో పెట్టాడు. లెక్క తేలినా కట్ట విప్పలేదు. డ్రాయింగ్ బుక్కును దాచింది నా బొమ్మల కోసం, చిట్టీలను దాచింది వడ్ల కోసం.

ఇంతా చెప్పి, పిల్లల గీతలన్నీ గొప్ప కళే అనే మాటకు నేను తలూపను. ఆ కట్టలో సగం లారీలు, బస్సులు, ఏవో గుండ్రటి గీతలు. ఒక చిట్టీ మీద పెద్ద సున్న, దాంట్లో మూడు చిన్న సున్నలు, పక్కన నిలువు గీత. తమ్ముడికి ఫోన్లో ఫొటో పంపితే “ఏమో అక్కా, నాకేం యాదికొస్తలేదు” అన్నాడు. అమ్మకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని, కాగితం దూరం పెట్టుకుని, “గిది మక్క గడ్క ఎసరు గిన్నె. మూడు బుడగలు లేసినయ్. పక్కన్నది తెడ్డు” అంది. మళ్లీ ఆగి, “ఆ దినాలల్ల బియ్యం మిల్లుల ఉండేటివి, మనింట్ల లేకుండె” అంది. రెండో వాక్యం బొమ్మలో లేదు, అమ్మ దగ్గర ఉంది. ఆమె చెప్పకపోతే అది ఉత్త సున్న.

నా తీర్పు ఇది. చక్కటి గీతకూ వంకర గీతకూ మధ్య పోటీ లేదు. దించిన బొమ్మకూ బతికిన బొమ్మకూ మధ్యే తేడా. నా డ్యాము చక్కగా ఉండి కూడా నిలబడింది, నా సీనరీ అంతే చక్కగా ఉండి పడిపోయింది. తమ్ముడివి వంకరగా ఉండి నిలబడ్డాయి, కానీ వాటి పక్కన మాట చెప్పే మనిషి ఉన్నంతవరకే. మీ ఇళ్లల్లో ఇట్లాంటి కట్టలుంటే పాత పేపర్లవాడికి వేసేముందు ఒకసారి విప్పండి. రఫ్ నోటు వెనక పేజీలు ముందు చూడండి. అమ్మా నాయినా, అవ్వా తాతా ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఎవరో అడిగి పెన్సిలుతో రాయించుకోండి. డ్రాయింగ్ బుక్కు సంగతి తర్వాత చూసుకోవచ్చు, దానికి మార్కులు ఎప్పుడో పడ్డాయి.