ఆట చిట్టా, చేతి గీత: హనఫుదా నేర్పే పద్ధతి

కీలక పదాలు: వీడియో ఆటలు, వ్యక్తిగత దత్తాంశం, హనఫుదా, గంజీఫా, చేతిచిత్రణ.

1. ఉపోద్ఘాతం

ఫోనులో ఆడే ఆట ఆటగాడి చిట్టాను తానే రాసిపెడుతుంది. ఆడిన గంటలు, గెలుపోటములు, చేరుకున్న స్థాయి అందులో ఉంటాయి. ఆ చిట్టాను జపాను చిత్రకళ ప్రేరణతో చేతిబొమ్మలుగా మలచుకునేటప్పుడు, అక్కడి నుంచి స్వీకరించవలసింది అలంకారం కాదు, వర్గీకరణ పద్ధతి అని ప్రతిపాదించడం ఈ వ్యాసోద్దేశం.

2. లెక్కించేది ఎవరు?

వ్యక్తిగత దత్తాంశాన్ని చేతితో గీయడానికి ప్రసిద్ధ నిదర్శనం 'డియర్ డేటా'. 2014 సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు న్యూయార్కులోని జార్జియా లూపి, లండనులోని స్టెఫానీ పోసావెక్ వారానికొక అంశాన్ని లెక్కించి, పోస్టుకార్డుపై గీసి ఒకరికొకరు పంపుకున్నారు. కార్డుకు ఒకవైపు చిత్రం, రెండోవైపు దాన్ని చదివే విధానం ఉండేవి. అక్కడ ఏది లెక్కించాలో వారే నిర్ణయించుకున్నారు. వీడియో ఆటలో ఆ నిర్ణయం ఆటను తయారుచేసిన సంస్థది. కనుక ఇక్కడ గీసేవారి పని లెక్కించడం కాదు. ఆ లెక్కలో తమది ఏదో తేల్చుకోవడం.

3. హనఫుదా పద్ధతి

వీడియో ఆటలకు పేరుపొందిన నింటెండో 1889లో క్యోటోలో చేతితో తయారైన హనఫుదా పేకముక్కల వ్యాపారంగా మొదలైంది. హనఫుదాలో 48 ముక్కలు; 12 నెలలు, నెలకు 4 ముక్కలు, నెలకొక పువ్వో చెట్టో గుర్తు. సంప్రదాయికంగా ముక్కపై అంకె ఉండదు. వీటిలో 24 'కసు', అంటే ప్రత్యేక చిహ్నం లేని సాదా ముక్కలు. సగం పేక సాదాగా ఉండటమే ఇక్కడ గమనార్హం. ఘటన లేని కాలానికీ ఈ పద్ధతిలో స్థానం ఉంది.

4. అన్వయం

లింగంపల్లిలో లోకల్ రైలెక్కి, దారిపొడవునా పబ్జీ ఆడే ఉద్యోగిని ఊహిద్దాం. భారత ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న ఆ ఆటను నిషేధించింది. అక్టోబరు 30న దేశంలో సర్వర్లు ఆగాయి. 2021 జూలైలో దాని భారతీయ రూపం వచ్చింది. ఆట చిట్టాకు ఆ మధ్యకాలం శూన్యం. కాని అవి కరోనా నెలలు. రైలు ప్రయాణమూ, తోటి ఆటగాళ్ల సాంగత్యమూ తెగిపోయిన నెలలు. సర్వరు నమోదు చేయని ఆ ఎడబాటును సాదా ముక్కలుగా గీసినప్పుడే చిట్టా ఆత్మకథ అవుతుంది. అదే చిట్టాను పట్టీల పటంగా వేసి, చుట్టూ చెర్రీపూలు, ఎర్రని సూర్యబింబం అద్దితే మిగిలేది జపాను వేషం మాత్రమే.

చేతిగీత కచ్చితత్వాన్ని పోగొడుతుందనే ఆక్షేపణ సహజం. కచ్చితమైన అంకె సర్వరులో ఉండనే ఉంది. చిత్రం చేయవలసింది దానికి నకలు కాదు. అయితే చదివే విధానం తెలియజేయని చిత్రం అలంకారంగానే మిగిలిపోతుంది. ఈ విషయంలో 'డియర్ డేటా' కార్డు వెనుకవైపే ప్రమాణం.

5. ముగింపు

తెలుగు రూపకర్తకు గంజీఫా సంప్రదాయమూ అందుబాటులో ఉంది. నిర్మల్ చిత్రకారులు గుండ్రని గంజీఫా ముక్కలను చిత్రించారు. దశావతార గంజీఫాలో పది వర్గాలు, 120 ముక్కలు; అంకె ముక్కల విలువ చిహ్నాల సంఖ్యతోనే తెలుస్తుంది. హనఫుదా కాలాన్ని వర్గీకరిస్తే, గంజీఫా సంఖ్యను చూపిస్తుంది. ఈ రెంటినీ కలిపి ఆలోచించినప్పుడు జపాను ప్రేరణ అనుకరణగా మిగలక, మన ఆటల చరిత్రను మనం చదువుకునే సాధనమవుతుంది.