కాలువకు బోర్డు, తీగెకు సరిహద్దు
దేశనూరు దృష్టిలో అంతర్జాల వ్యాప్తి, అంకుర సంస్థలు, నగరాభివృద్ధి: ఒక విమర్శ

బళ్ళారి జిల్లాలో సిరుగుప్ప తాలూకాకు చేరిన దేశనూరు, రెండు భాషల నడుమను రెండు రాష్ట్రముల నడుమను నిలిచిన గ్రామములలో ఒకటి. ఇట్టి గ్రామములందు పొలము గట్టున తెలుగు, కచ్చేరిలో కన్నడము, ఇంటిలో ఏది ముందు నోటికి వచ్చిన అది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించినప్పుడు పాత బళ్ళారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చెను. సిరుగుప్ప మొదలగు తాలూకాలు మైసూరు రాష్ట్రమున చేరెను. నాడు గీచిన గీతను పెండ్లి సంబంధములు లెక్కపెట్టలేదు, ఆదోని పత్తి వ్యాపారము లెక్కపెట్టలేదు. తుంగభద్ర దిగువ కాలువయు లెక్కపెట్టలేదు. హొసపేట ఆనకట్టకడ బయలుదేరి, బళ్ళారి, సిరుగుప్ప ప్రాంతముల భూములను తడిపి, ఆ కాలువ కర్నూలు జిల్లాలోనికి సాగిపోవుచున్నది.

ఆ గీతకడకు వచ్చి ఆగిపోయిన క్రొత్త వస్తువొకటి నేడు కలదు. అది అంతర్జాలమును మోసికొనివచ్చు ఫైబరు తీగె. ఏల ఆగినదో, ఆగినందువలన ఎవరికి నష్టమో విచారింపవలసియున్నది.

వేగముగల అంతర్జాలము వచ్చిన అంకుర సంస్థలు పుట్టుననియు, అవి పుట్టిన నగరము పెరుగుననియు, నగరము పెరిగిన చుట్టుపట్ల పల్లెలు బాగుపడుననియు ఒక సిద్ధాంతము ప్రభుత్వ పత్రములందును పారిశ్రామిక సభలందును మంత్రమువలె వినబడుచున్నది. ఇందు మొదటి మాట చాలవరకు సత్యము. చివరి మాటకు సాక్ష్యము చూపినవారు అరుదు.

మొదటి మాట సత్యమనుటకు బెంగుళూరు చరిత్రయే నిదర్శనము. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు సంస్థ ఆ నగరమున తన కేంద్రమును స్థాపించినప్పుడు ఉపగ్రహము ద్వారా విదేశముతో నేరుగా సంబంధము కల్పించుకొనవలసివచ్చెను. సామాన్య ప్రజలకు అంతర్జాలము దొరకినది 1995 ఆగస్టు 15న. అనగా దానికి పది సంవత్సరములు ముందే ఆ సంస్థకు కావలసిన తోవ తెరువబడినది. తరువాత సాఫ్టువేరు టెక్నాలజీ పార్కుల సంస్థ కంపెనీలకు ఉపగ్రహ సౌకర్యమును సమకూర్చినది. హైదరాబాదున 1998 నవంబరులో సైబర్ టవర్సు ప్రారంభమైనది. 2015 నవంబరు 5న అంకుర సంస్థలకొరకు టీ-హబ్ తెరువబడినది. 2022 జూన్ 28న అంతకు ఎన్నో రెట్లు పెద్దదియైన రెండవ భవనము వెలసినది. ఇవన్నియు ఘనకార్యములే. ఎవ్వరును కాదనరు. కాని వీనిని చదువువారు ఒక వరుసను గమనింపక దాటిపోవుచున్నారు. ప్రతిచోటను తోవ ముందు వచ్చినది, సంస్థ తరువాత వచ్చినది. తెలివిగలవారు ఎక్కువగా పుట్టిరి గనుక బెంగుళూరునకు తీగె రాలేదు. తీగె వచ్చినది గనుక తెలివిగలవారు నలుదిక్కులనుండి అచ్చటికి చేరిరి. సిరుగుప్ప తాలూకా పిల్లలును అట్లు చేరినవారిలో ఉన్నారు.

అట్లయినచో నగరములకు ఇచ్చిన ప్రాధాన్యము వాని ప్రతిభకు బహుమానము కాదు. అది ప్రభుత్వము చేసిన ఎంపిక. తీగెను తొలుత నగరమునకు చేర్చి, పిదప పల్లెలో సంస్థలు పుట్టలేదు గనుక పల్లెకు అంత వేగము అవసరములేదనుట, మొదటి తూముకు నీరు వదలి, తుది పొలము ఎండినది గనుక అచ్చట వరి పండదని తీర్పు చెప్పుటవంటిది. కాలువక్రింద సేద్యము చేయువారికి ఈ తర్కములోని లోపమును విప్పి చెప్పనక్కరలేదు.

సరిహద్దు గ్రామముల కథకు దూరదేశమున ఒక పోలిక కలదు. అమెరికాలో కాన్సాస్ సిటీ యను నగరము రెండు రాష్ట్రములలో పడియున్నది. కొంత కాన్సాస్ రాష్ట్రమున, కొంత మిస్సోరీ రాష్ట్రమున. 2011లో గూగుల్ సంస్థ తన అతివేగ ఫైబరు సేవకు మొదట కాన్సాస్ వైపు నగరమును ఎన్నుకొని, కొలది వారములకే మిస్సోరీ వైపునకును విస్తరింతునని ప్రకటించెను. 2012 చివర ఇండ్లకు సంబంధములు వచ్చినంతనే, రెండు రాష్ట్రములకు హద్దుగా నిలిచిన వీథి పరిసరముననే సామాన్యమైన నివాసగృహములలో యువకులు చేరి అంకుర సంస్థల గ్రామమును ఏర్పరచుకొనిరి. హద్దు వారికి అడ్డము రాలేదు, తీగె రెండు వైపులను ఉన్నది గనుక. అయితే ఆ కథలోనే ఇంకొక పుట కలదు. ముందుగా పది డాలర్లు కట్టి పేరు నమోదు చేసికొన్న పేటలకే సేవయని నియమము పెట్టగా, సంపన్నుల పేటలు వేగముగా నిండెను, బీదల పేటలు వెనుకబడెను. ఆ పేటల పిల్లలకొరకు స్వచ్ఛంద సేవకులు ఇల్లిల్లు తిరిగి పేర్లు వ్రాయింపవలసివచ్చెను. కోరినవానికే ఇత్తుమనుట పైకి న్యాయముగనే కనబడును. కోరుటకును కొంత స్థితి కావలెనను సంగతి అట్టి నియమములలో మరుగుపడుచుండును.

ఇక తెలుగు దేశమునకు వత్తము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఫైబరునెట్ సంస్థ ద్వారా చేసిన పని ఈ విషయమున అందరును తెలిసికొనదగినది. నేలను త్రవ్వి తీగె పాతిపెట్టుటకు వేలకోట్లు కావలసియుండగా, విద్యుత్ స్తంభములమీదుగా తీగెను లాగి దాదాపు 24,000 కిలోమీటర్ల మేరకు తక్కువ వ్యయముతో వ్యాపింపజేసిరి. 2016 డిసెంబరులో గోదావరి సీమలోని మోరి గ్రామమున దానిని ఇంటింటికి ఇచ్చి చూచిరి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి దానిని లాంఛనముగా ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకు అంతర్జాలము, టెలిఫోను, టెలివిజను మూడును ఒకే తీగెమీద ఇత్తుమని ప్రకటించిరి. పిదప ఆ పనుల టెండరు వివాదములపాలై 2021లో కేసు నమోదగుట వేరు కథ. దానివలన స్తంభముమీది తీగె యను ఆలోచనలోని మంచి చెడిపోలేదు. ఆ తీగె ఆంధ్రప్రదేశ్ వారిది. కనుక రాష్ట్రపు అంచున అది నిలిచినది.

ఇటువైపున భారత్‌నెట్ కలదు. 2011లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన జాతీయ ఫైబరు పథకమునకే తరువాత ఈ పేరు వచ్చినది. దేశమందలి రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు తీగె చేర్చుట దాని సంకల్పము. సంకల్పము గొప్పదే, కొలతలోనే చిక్కు. పంచాయతీ కచ్చేరి గోడకు తీగె తగిలిన లెక్క పూర్తియైనది. అచ్చటినుండి బడికి, ధాన్యపు మిల్లునకు, ఇంటికి పోవు మిగిలిన కొలదిపాటి దూరము ఎవరిదియు కాకపోయెను. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఈ పథకమును సవరించి, ఇండ్లకు సంబంధములిచ్చుటను, తీగెల పోషణను అందు చేర్చిరనగా, తొలి లెక్కలోని లోపమును పాలకులే అంగీకరించిరని అర్థము.

ఈ లోపము వ్యాపారమునకు కలిగించిన నష్టముకంటె బడికి కలిగించిన నష్టము పెద్దది. 2020 మార్చిలో పాఠశాలలు మూతపడెను. ఆ యేడు కర్ణాటకమున చందన వాహినిపై సంవేద పాఠములు కన్నడమున సాగెను. ఆంధ్రమున సప్తగిరి వాహినిపై విద్యామృతమను పేర తెలుగు పాఠములు వచ్చెను. సెప్టెంబరునుండి తెలంగాణమున యాదగిరి, టీ-సాట్ వాహినులు పాఠములు చెప్పెను. ఆకాశమునుండి దిగివచ్చు వాహినికి సరిహద్దు తెలియదు. డిష్షు ఉన్న ఏ సరిహద్దు గ్రామమందైనను విజయవాడ పాఠమును చూడవచ్చును. చూచియేమి? కర్ణాటక పాఠ్యపుస్తక సంఘము తెలుగు మాధ్యమమునకు అచ్చువేయు పుస్తకము కర్ణాటక పాఠ్యక్రమమునకు చెందినది. సప్తగిరిలో చెప్పునది ఆంధ్ర పాఠ్యక్రమము. కర్ణాటకమందలి తెలుగు మాధ్యమ బాలునికి ఒక వాహినిలో పుస్తకము తనది, భాష తనది కాదు. మరియొకదానిలో భాష తనది, పుస్తకము తనది కాదు. రెండును తనవైన పాఠము కావలెనన్న, అతని ఉపాధ్యాయుడే చెప్పవలెను. ఆ ఉపాధ్యాయుని స్వరము పిల్లల ఇండ్లకు చేరుటకు కావలసినది రెండువైపుల నడచు తీగె. ఒకవైపే వర్షించు ఆకాశము కాదు. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. సౌకర్యమనగా నాడు గది, నల్లబల్ల, పుస్తకము. నేడు ఆ మాటలో తీగెయు చేరినదనుట అత్యాశ కాదు.

చరవాణి యుండగా తీగె యేలయని కొందరి ప్రశ్న. 2016 సెప్టెంబరు తరువాత డేటా చౌకయైనది నిజమే. సినిమా చూచుటకును, చెల్లింపులు చేయుటకును చరవాణి చాలును. ఒక ఇంట ఒకటే ఫోను ఉండి, అది పొలమునకు పోయిన తండ్రి జేబులో నుండగా, ఇద్దరు పిల్లలు దేనిమీద చదువవలెనో ఆ ప్రశ్న వేయువారే చెప్పవలెను. ఇంతేకాక, చూచుట వేరు, చేసి పంపుట వేరు. బళ్ళారి జీన్సు దేశమున పేరుపొందినది. దానిని కుట్టువాడు క్రొత్త నమూనాను దూరపు వర్తకునికి చూపి బేరమాడవలెనన్నను, సిరుగుప్ప మిల్లువాడు నాలుగు ఊళ్ళ ధాన్యపు ధరలను ఒకచోట కూర్చు పనిముట్టును చేయింపవలెనన్నను, నిలుకడగల సంబంధము కావలెను. జీన్సు వర్తకమును ఎవ్వరును అంకుర పరిశ్రమ యనలేదు. అది ఏ హబ్బులోను పుట్టలేదు, కుట్టుమిషనుకడ పుట్టినది. ఆ పేరు లేకపోవుటయే దానికి కలిగిన లోటు కాబోలు.

కర్ణాటకము 2025లో ఆమోదించిన అంకుర విధానమున 25,000 సంస్థలు లక్ష్యము. అందు 10,000 బెంగుళూరు వెలుపల రావలెనని పేర్కొనిరి. ఇది మెచ్చదగినది. అయితే బెంగుళూరు వెలుపల అన్నంతమాత్రమున పల్లెయని అర్థము కాదు. ఆ ఉద్యమమున తొలుత ముందుకు వచ్చిన పేర్లు మైసూరు, మంగళూరు, హుబ్బళ్ళి–ధారవాడ–బెళగావి. బెంగుళూరునకు బదులు మరి మూడు బెంగుళూరులు ఏర్పడిన దేశనూరునకు దూరము తగ్గునే కాని తోవ మారదు. అటువైపున 2025 ఆగస్టులో మంగళగిరిలో ప్రారంభమైన రతన్ టాటా నూతనావిష్కరణ కేంద్రమునకు ఐదు శాఖలలో ఒకటి అనంతపురమున కలదు. అది బళ్ళారికి పొరుగూరు. కాని రాష్ట్రముల విధానములు సాధారణముగా తమ రాష్ట్రమున నమోదైన సంస్థలనుద్దేశించి వ్రాయబడునవి. ఆ యేడే అక్టోబరులో విశాఖపట్టణమునకు గూగుల్ డేటా కేంద్రము, సముద్రగర్భ తీగెలు వచ్చునని 1,500 కోట్ల డాలర్ల ఒప్పందము ప్రకటింపబడినది. సముద్రము దాటి ఖండాంతరము పోవు తీగెకు దొరకిన దారి, సిరుగుప్ప–ఆదోని నడుమ దొరకకుండుట విచిత్రము.

దారి లేదనుటకు వీలులేదు. పూర్వులు నీటికి ఆ దారి చూపియే యున్నారు. 1953నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టమును అనుసరించి ఏర్పడిన తుంగభద్ర బోర్డులో కేంద్రము, కర్ణాటకము, ఆంధ్రప్రదేశ్, తెలంగాణము ప్రతినిధులు కూర్చుండి, ఉమ్మడి కాలువల నీటిని పంచుచున్నారు. తగవులు లేకపోలేదు. చివరి ఆయకట్టువారి మొర ప్రతి యేడు వినబడుచునే యున్నది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 33 గేట్లలో 19వదాని గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయెను. ఆ ప్రమాదమును చూపి బోర్డును నిందించినవారు కలరు. నింద తప్పుకాదు, పోషణ లేని గొలుసు తెగక మానదు. అయినను నింద వేయుటకు ఒక బోర్డు ఉన్నది. వారము తిరుగకుండ తాత్కాలికపు గేటు దింపి నీటిని ఆపగలిగిరి. తీగె తెగిన దినమున సరిహద్దు గ్రామమువాడు ఎవరికి చెప్పుకొనవలెను? పంచాయతీ తనది కాదనును, సంస్థ తన హద్దు కాదనును, పొరుగు రాష్ట్రము తన ప్రజ కాదనును.

తుంగభద్ర బోర్డు నమూనాలో ఫైబరునకును ఒక ఉమ్మడి ఏర్పాటు కావలెనని తెలుగు సంఘములు రెండు ప్రభుత్వములను అడుగవచ్చును. అడుగునప్పుడు నగరమునకు తీగె తగ్గింపుమనవలసిన పనిలేదు. అడుగవలసినది కొలత మార్చుమని. కాలువను కొలుచువాడు ఆనకట్టకడ వదలిన క్యూసెక్కులను వ్రాసికొనును. తుది పొలమువాడు తన తూముకడ నీటిమట్టమును చూచుకొనును. తెలుగు బడి గదిలోను, ధాన్యపు మిల్లు గుమాస్తా బల్లమీదను నిలిచిన వేగమెంతయో ఆ లెక్కలో పడవలెను. సిరుగుప్పనుండి ఆదోనికి పోవు మార్గమున ఇటువైపు విద్యుత్ స్తంభములు ఒక సంస్థవి, అటువైపువి మరియొక సంస్థవి. ఇటు చివరి స్తంభమునకును అటు మొదటి స్తంభమునకును నడుమ దూరమెంతయో ఇంజనీర్లు ఒక పూటలో కొలిచి చెప్పగలరు.