వాల్వు మైకుసెట్టుకు ఒక నమస్కారం

డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ ఉంది. ఆరాధనలో పాటకు పెద్దపీట వేసే సంప్రదాయం దానిది. ఇలాంటి చోట గిటారు నేర్చే కుర్రాళ్లు విదేశీ ట్యూబ్ (వాల్వు) ఆంప్లిఫయర్ల కోసం కలలు కంటారు. మన పెళ్లిళ్లకూ, జాతరలకూ, సువార్త సభలకూ గొంతునిచ్చిన పాత వాల్వు మైకుసెట్టును మాత్రం ఎవరూ తలచుకోరు.

అది స్విచ్ వేయగానే పలకదు. ఫిలమెంటు ఎర్రబడి, కాథోడ్ వేడెక్కేదాకా కాసేపు ఆగాలి. తర్వాత వాల్యూము పెంచుతూ పోతే ధ్వనిని ఒక్కసారిగా కోసేయదు, అంచులను మెత్తగా గుండ్రం చేస్తుంది. గిటారు తీగకు ఆ మెత్తదనమే తీపి. ఈ వాల్వులను బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు మన గడ్డ మీదే తయారుచేసింది.

ఆ సెట్టును బతికించే మెకానిక్కు పనితనం ఇంకా గొప్పది. సెట్టు ఆపేశాక కూడా కండెన్సర్లలో వందల వోల్టులు దాగి ఉండవచ్చని అతనికి తెలుసు. వాటిని ఖాళీ చేశాకే లోపల చేయి పెడతాడు. ఇన్‌పుట్‌ను గిటారు పికప్‌కు తగ్గట్టు మార్చి, స్పీకరును సరైన ఓమ్‌ల ట్యాపుకు కలుపుతాడు. అంతే, పాత సెట్టు కొత్త పాట అందుకుంటుంది.

మీ అటక మీద అలాంటి సెట్టు ఉంటే పాత ఇనుము కింద అమ్మేయకండి. ముందు పనితెలిసిన మెకానిక్కుకు చూపించండి.