ఒత్తకుండా రాసే పెన్ను

ఏర్గట్లలో బడిపిల్లలకు నోటుబుక్కులు అమ్మే దుకాణంలో ఇంకు పెన్ను అడిగితే, పై అరలో దుమ్ము పట్టిన డబ్బా దించాల్సి వస్తుంది. ఆర్మూరుకో నిజామాబాదుకో పోతే నాలుగు రకాలు చూడొచ్చు. బడిపిల్లల రకం ఏది కొన్నా వంద రూపాయలకు అటూ ఇటూ. వేలు పోసి కొనే పెన్ను ఏ సూత్రం మీద రాస్తుందో ఈ వంద రూపాయల పెన్నూ దాని మీదే రాస్తుంది. చేతికి తెలిసే సుఖంలో ఎక్కువ భాగం ఇందులోనే దొరుకుతుందని నా గట్టి నమ్మకం.

పాళీని దగ్గరగా చూడండి. మధ్యలో వెంట్రుకంత సన్నని చీలిక ఉంటుంది. కింద ఆనుకుని నల్లటి నాలుక, దాని మీద పొడుగునా సన్నని గాడులు. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టు, ఆ గాడులు సిరాను పీల్చి చీలిక దాకా తెస్తాయి. కొన కాగితాన్ని తాకగానే కాగితమే సిరాను లాక్కుంటుంది. సైన్సు పుస్తకంలో చదివిన కేశనాళికీయత ఇదే. అయితే సిరా దిగినంత మేర గొట్టంలోకి గాలి ఎక్కాలి. ఆ దారి లేకపోతే రాత ఆగిపోతుంది, దారి పెద్దదైతే మరకలు కక్కుతుంది. సిరా కిందికి, గాలి పైకి పోయే ఈ ఏర్పాటుకే న్యూయార్కులో లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు తీసుకున్నాడు. పాళీ, గొట్టం కనిపెట్టడం కన్నా ఈ నాలుకను కుదర్చడమే అసలు విద్య అంటాను.

బాల్ పెన్ను పని వేరు. దానిలో ఇంకు చిక్కటిది. కొన మీది గుండు తిరగాలంటే వేలితో అదమాలి. మూడు గంటల పరీక్ష రాసిన పిల్లల మధ్యవేలు చూడండి, గుంట పడి ఉంటుంది. ఇంకు పెన్నుకు దాని బరువే చాలు. పాళీ వీపు పైకి ఉండేలా పట్టుకుని, కొంచెం వాల్చి, కాగితం మీద నడిపిస్తే సరిపోతుంది. ఒత్తితే చీలిక విచ్చుకుని పాళీ చెడుతుంది కాబట్టి ఒత్తొద్దని పెన్నే నేర్పుతుంది. మన అక్షరాలకు ఇది ఎంత కలిసొస్తుందో చెప్పలేను. ఘ, ఝ, ఱ లాంటివి రాసేటప్పుడు చెయ్యి గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి. అదిమిపట్టిన వేళ్లకు ఆ తిరుగుడు రాదు.

పాళీ మాత్రం సన్నదే తీసుకోండి. తెలుగులో పైన గుడి, కింద వత్తు, మధ్యలో సున్నాలు. లావు పాళీతో రాస్తే 'ఘ' కడుపు సిరాతో నిండిపోతుంది. జపాను కంపెనీల 'ఫైన్' పాళీలు యూరపు వాటికన్నా సన్నగా ఉంటాయి. నాలుగైదు వందలు పెట్టగలిగినవాళ్లకు ప్లాటినం ప్రెప్పీ మంచి మొదలు. మొన్నమొన్నే మొదలుపెట్టినవాళ్లకైతే క్యామ్లిన్ బడి పెన్ను చాలు.

చౌక పెన్ను మనకు కొత్త కాదు. గాంధీజీ స్వదేశీ పిలుపు అందుకుని, రాజమండ్రిలో బంగారు పని తెలిసిన కె.వి. రత్నం 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిస్తే వచ్చే ఎబొనైటు కడ్డీని లేత్ మీద తిప్పి, చెక్కి, మర కట్టి, చేత్తో నునుపు చేసేవారు. ఆ పెన్ను చేతికి చల్లగా తగలదు, చెమటకు జారదు. రత్నం తన అనుచరుడైన కుమారప్ప చేత పంపిన పెన్నును వాడి చూసి, బజారులోని విదేశీ పెన్నులకు బదులు నిలబడేదేనని గాంధీజీ 1935 జూలైలో ఉత్తరం రాశారు. ఇటు హైదరాబాదు అబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్ 1928 నుంచి ఉంది. వీటిని తలచుకుంటే గర్వంగా ఉంటుంది. పాళీ అరిగితే పాళీ మార్చి, నాలుక పాడైతే నాలుక మార్చి, అదే పెన్నును మళ్లీ జేబుకు పెట్టుకోవచ్చన్న ఆలోచన ఇలాంటి చోట్లే నిలిచింది.

మా తరం బడిలో ఇంకు బిళ్లను నీళ్లలో కరిగించి సీసా నింపుకునేవాళ్లం. అయిపోతే పక్కవాడి పెన్ను నుంచి రెండు చుక్కలు అప్పు. మరక పడితే సుద్దముక్క అద్దేవాళ్లం. దుబాయి, మస్కట్ నుంచి వచ్చినవాళ్ల పెట్టెల్లో హీరో పెన్ను ఉందంటే ఇంటింటా కబురే. చైనాలో చేసిన ఆ పెన్నుకు పాళీ దాదాపు కనిపించదు. 1941లో వచ్చిన పార్కర్ 51 రూపానికి అది చౌక చుట్టం.

రాయకపోతే విదిలించడం మనందరికీ అలవాటు. చొక్కాలు, గోడలు పాడవడం తప్ప దానివల్ల లాభం తక్కువ. చాలాసార్లు చీలికలో సిరా ఎండి ఉంటుంది. పాళీ భాగం ఊడదీసి మామూలు నీళ్లలో రాత్రంతా ఉంచి, తెల్లారి నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగితే చాలు. వేడి నీళ్లు వద్దు, నాలుక వంగుతుంది. రంగు మార్చినప్పుడల్లా ఈ కడుగుడు తప్పదు. పెన్నులో పోసేది ఇంకు పెన్ను కోసం చేసిన సిరాయే కావాలి. డ్రాయింగు ఇంకులు, స్టాంపు ప్యాడు ఇంకులు గాడుల్లో గడ్డకట్టి పెన్నును చంపేస్తాయి. కాగితం పల్చనిదైతే సిరా పక్కలకు పాకుతుంది, వెనక్కి దిగుతుంది. అలాంటి నోటుబుక్కు మీద రాసి పెన్నును తిట్టకండి.

గొట్టంలో నేరుగా సిరా పోసే రకానికి మన ఎండాకాలం పరీక్ష లాంటిది. సగం ఖాళీ అయిన గొట్టంలో గాలి ఎక్కువ. చేతి వేడికి, మే నెల వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది. జేబుకు నీలి మరక పడేది అందుకే. మూడో వంతు మిగలకముందే నింపేయండి, మరల మీద కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి, మోటారుసైకిలు మీద ఊరికి పోయేటప్పుడు పాళీ పైకి ఉండేలా జేబులో పెట్టుకోండి.